గీటు పడిన ప్లేటుకు ఇంటివైద్యము

లోకమున ప్రతి వృత్తికిని శిష్యరికము కావలెను. కంసాలి కుమారుడైనను ఏండ్ల తరబడి కొలిమియొద్ద కూర్చుండనిదే ఉంగరము చేయలేడు. పడవవాడు గోదావరి సుడులను కనిపెట్టనిదే గడ చేత పట్టలేడు. కాని వైద్యమునకు మాత్రము మనవారికి శిష్యరికముతో పనిలేదు. ఒకనికి తుమ్ము వచ్చిన చాలును, వీధిలోనివారందరును వైద్యులగుదురు. ఒకరు మిరియములందురు, ఒకరు శొంఠియందురు, ఒకరు లంఖణమందురు. తుమ్మినవాడు ఈ మందులన్నిటిని వినుచుండగనే జలుబు తగ్గిపోవును. ఆ కీర్తి చిట్టచివర మాటలాడినవానికి దక్కును.

మనుష్యుల రోగములకే గాక వస్తువుల రోగములకును మనవా రిట్టి వైద్యమే చేయుదురు. గడియార మాగిన దానిని కుదుపుదురు. రేడియో పలుకకున్న దాని వీపున చరతురు. అది ఒక్కొక్కప్పుడు పలుకుటయే చిక్కు. దానితో చరచుట శాస్త్రమై కూర్చుండును. ఇట్టి వైద్యములన్నిటిలోను విచిత్రమైనది గీటు పడిన పాటలప్లేటుకు చేయు వైద్యము. దానినిగూర్చి మన విద్యార్థులకు నాలుగు మాటలు వ్రాయ దలంచితిమి. ఇందు నవ్వుటకును కొంత గలదు. నవ్వు మాని ఆలోచించుటకును కొంత గలదు.

నేటి విద్యార్థులలో పలువురు పాటలప్లేటును చేతితో తాకి యెరుగరు. పాట యనునది ఫోనులోనుండియే పుట్టునని వారి నమ్మకము. కావున ముందుగా ప్లేటు చరిత్ర కొంచెము చెప్పవలసియున్నది. 1877లో అమెరికా దేశమున థామస్ ఎడిసన్ తగరపు రేకు చుట్టిన గొట్టముపై మనుష్యకంఠమును చెక్కి మరల పలికించెను. పదేండ్లకు, అనగా 1887లో, ఎమిల్ బెర్లినర్ అను నాయన గొట్టమునకు బదులు బల్లపరుపు పళ్లెమును వాడు పద్ధతిని కనిపెట్టి పేటెంటు పొందెను. దానినే గ్రామఫోననిరి. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నాయన కలకత్తాకు వచ్చి, గౌహర్ జాన్ గానమును ప్లేటు కెక్కించెను. పిమ్మట తెలుగు కంఠములును ప్లేట్ల కెక్కినవి. స్థానం నరసింహారావు గారి వంటి నటుల పాటలు నాటకశాల మొగము చూడని పల్లెలకు సైతము పెట్టెలో కూర్చుండి వచ్చినవి.

ఆ ప్లేట్లు దేనితో చేయబడినవి? లక్కతో. గాజులు చేయు లక్కయే, ఉత్తరములపై ముద్ర వేయు లక్కయే. చెట్టుకొమ్మలపై నివసించు ఒక చిన్న పురుగు స్రవించు జిగురే ఈ లక్క. దానిలో మెత్తని రాతిపొడి చేర్చి, మసి కలిపి, వేడిమీద అచ్చొత్తెడివారు. లక్కకు మన భారతదేశము ప్రధానమైన తావు. కావున లండను నగరమున ఒక దొరసాని పాడిన పాట సైతము మన అడవిపురుగు చలువననే లోకము చుట్టివచ్చెనని చెప్పవచ్చును.

ఆ ప్లేటు నిమిషమునకు సుమారు 78 చుట్లు తిరిగెడిది. పది అంగుళముల ప్లేటుపై ఒక ప్రక్కకు సుమారు మూడు నిమిషముల పాట పట్టెడిది. ఉక్కుముల్లు గాడిలో నడుచుచు, గాడి యొంపులకు తగినట్లు వణకుచు పాట పలికెడిది. ప్లేటులోని రాతిపొడి ముల్లును అరగదీయును. అరిగిన ముల్లు గాడిని అరగదీయును. అందుచేత ఒక్కొక్క ప్రక్కకు ఒక్కొక్క క్రొత్త ముల్లు వాడవలెనని నియమము. మన పొదుపరులు ఒక్క ముల్లుతో ఒక పెండ్లిని వెళ్లబుచ్చెడివారు. ఇక గాడులకు అడ్డముగా గీటు పడెనా, ముల్లు ముందునకు పోలేక వెనుకటి గాడిలోనికే జారి, అన్న మాటనే అనుచుండును. చెప్పినదే చెప్పువానిని నేటికిని ‘అరిగిపోయిన రికార్డు’ అందుము. ప్లేటు పోయినది గాని మాట నిలిచినది.

ఆ కాలపు వైద్యములు కొన్ని మా పెద్దలవలన వింటిమి. మొదటిది, ముల్లుపెట్టెపై ఒక నాణెము నుంచుట. బరువునకు ముల్లు గీటును దాటిపోవును. కాని గాడి మరింత అరుగును. రెండవది, వంగిన ప్లేటును రెండు గాజుపలకల నడుమ నుంచి కొంతసేపు ఎండలో పెట్టుట. ఇది నిజమైన వైద్యమే. ఎండకు లక్క మెత్తబడి చదునగును. మూడవది, గాడిలో పెన్సిలు నల్లపొడి రాచుట. ముల్లు నునుపుగా జారుటకు ఇదియు కొంత పనిచేయును. నాలుగవది, స్పిరిటుతో తుడుచుట. ఈ మందు చెప్పినవాడు వైద్యుడు కాడు, హంతకుడు. ఏలయన లక్క స్పిరిటులో కరగును. వడ్రంగులు బల్లలకు పూయు లక్కపాలిషు అట్లు కరగించి చేయునదే. మెరుగు పెట్టబోయిన గృహస్థుని చేతిగుడ్డకే పాట అంటుకొని వచ్చును. కొండనాలుకకు మందు వేయ నున్న నాలుక యూడుట యిదియే.

మిషను పాఠశాలవారు వినదగిన సంగతి యొకటి ఇచట చెప్పుదుము. హోండురాస్ దేశమున మిషనరీగా పనిచేసి వచ్చిన జాయ్ రిడర్‌హాఫ్ అను నామె 1939లో లాస్ ఏంజిలిస్ నగరమున గాస్పెల్ రికార్డింగ్స్ అను సంస్థను స్థాపించెను. చదువురాని వారికిని, లిపి లేని భాషలవారికిని వారి మాటలోనే సువార్తను ప్లేట్లమీద వినిపించుట ఆమె యుద్దేశము. విద్యుచ్ఛక్తి లేని ఊళ్లకొరకు ఆ సంస్థవారు అట్టముక్కతో మడతపెట్టు గ్రామఫోనొకటి తరువాత తయారుచేసిరి. దాని పేరు కార్డ్‌టాక్. అట్టకొక ముల్లు, ప్లేటును పుల్లతోనో పెన్సిలుతోనో త్రిప్పవలెను. అంతే యంత్రము. ఒక కంఠము ఒక పల్లెను చేరుటకు అట్టముక్క చాలినది. ప్లేటునందు విలువైనది ప్లేటు కాదు, అందలి కంఠమని దీనివలన తెలియుచున్నది. గౌతమీ తీరమున హరికథ నేర్పు పాఠశాల నెలకొన్న మా కపిలేశ్వరపురమువారికి కంఠము విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక సీడీ సంగతి. ఇది 1982లో వెలువడినది. జపాను దేశపు సోనీ, హాలండు దేశపు ఫిలిప్స్ సంస్థలు కలసి దీనిని రూపొందించినవి. దీని వెడల్పు 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటరు. దీనికి ముల్లు లేదు. లేజరు వెలుగు దానిపై పడి తిరిగివచ్చుటను బట్టి యంత్రము పాట చదువును. అచ్చొత్తిన సీడీలో క్రింద పారదర్శకమైన ప్లాస్టిక్కు, దానిపై కంటికి కానరాని గుంటల వరుస, ఆ గుంటలపై అల్యూమినియపు పలుచని పూత, దానిపై వార్నిషు, ఆపైన బొమ్మయు పేరును. వరుసకును వరుసకును నడుమ దూరము మిల్లీమీటరులో 600వ వంతుకంటె తక్కువ. ఒక మిల్లీమీటరు మేర 625 వరుసలు పట్టును.

ఇందు విద్యార్థులు గమనింపవలసిన వింత యొకటి గలదు. పాట మెరయు ప్రక్కన లేదు. బొమ్మ ప్రక్కన, పేరు క్రిందనే యున్నది. లేజరు క్రిందినుండి ప్లాస్టిక్కు మందమంతయు దాటిపోయి దానిని చదువును. మనవారు మెరయు ప్రక్కయే ప్రాణమని తలచి, దానిని పైకుంచి, బొమ్మ ప్రక్కను బల్లమీద ఈడ్చెడివారు. క్రింది గీటు కిటికీ అద్దముపై పడిన గీటువంటిది. పై గీటు కిటికీ వెనుక కూర్చున్న మనిషికే తగిలిన గాయము. మొదటిది మాన్పవచ్చును, రెండవది మానదు.

క్రింది గీటులు చిన్నవైన యంత్రమే వానిని సవరించుకొనును. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అను ఇరువురు ప్రకటించిన గణితపద్ధతి దీనికి ఆధారము. పాటలోని అంకెలను ఒకేచోట వ్రాయక దూరదూరముగా చల్లుదురు. సరిచూచుటకు కొన్ని అదనపు అంకెలను చేర్చుదురు. ఒకచోట చెరిగినను మిగిలినవానిని బట్టి చెరిగినది ఏమో యంత్రము లెక్కగట్టును. వరుస వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్లు పోయినను పాటకు లోటు రాదు. అందుచేతనే సీడీని తుడుచునపుడు నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా తుడిచినపుడు పడు గీటు వరుస వెంబడియే పోయి, లెక్కకు అందనంత చెరుపును.

మన పల్లెలలో 2000 సంవత్సరము మొదలు సుమారు పదేండ్లు సీడీ రాజ్యమేలెను. పెండ్లి సీడీ, క్రిస్మసు సీడీ, సినిమా సీడీ లేని యిల్లు అరుదు. వానికి ఒరలు మాత్రము లేవు. పీటపైన, పప్పుడబ్బాపైన, దిండుక్రింద అవి పడియుండెడివి. రోగులు ఇంతమంది యున్నపుడు వైద్యులకు కొదువ యుండునా? అరుగులమీదను, టీకొట్టులయొద్దను మేము వినిన మందుల పట్టిక యిది.

పళ్లపేస్టు రాయుట మొదటి మందు. దంతములకు మెరుగిచ్చునది ప్లేటుకు ఈయదా యని వారి తర్కము. రెండవది అరటిపండు. కోనసీమవారికి అరటిపండు లేని శుభమును లేదు, వైద్యమును లేదు. చక్రకేళి గుజ్జు రాచి, తొక్క లోపలి ప్రక్కతో రుద్దవలెనట. ఇందొక లాభము గలదు. ప్లేటు బాగుపడకున్నను మిగిలిన పండును రోగి యజమానుడు తినవచ్చును. మూడవది కొబ్బరినూనె, తలకు రాచుకొనునపుడే ప్లేటుకును రాచిన ఖర్చు కలసివచ్చును. నాలుగవది మంచుపెట్టె, సినిమాలోని పోరాటములచే వేడెక్కిన ప్లేటు చల్లబడునట. అయిదవది ఇడ్లీరేకులో ఆవిరి పట్టుట. గొంతు బొంగురుపోయిన గాయకునికి చేయునదే పాటకును చేయవలెనట. ఆరవది ఇస్త్రీపెట్టె; గీటు బట్టలోని ముడుతవంటిదే కదా! ఒకాయన ఎండుమిరపకాయలతో దిష్టి తీసిన చాలునని శపథముచేసి చెప్పెను. వేరొకాయన సినిమా మంచిది కానిచో ఏ మందును వేయక గీటును అట్లే యుంచుట యుత్తమమనెను. ఈ చివరి వైద్యుని మాట మాకును నచ్చినది.

ఇవియన్నియు ఒట్టి పరిహాసములేనా? కావు. అదియే చిక్కు. తెల్లని మెత్తని పళ్లపేస్టులో మిక్కిలి సన్నని గరుకుపొడి యుండును. అది లోతులేని గీటు అంచులను అరగదీసి నునుపు చేయును. కొన్ని ప్లేట్లు దీనిచే నిజముగ పలికినవి. కాని ఉప్పును బొగ్గును కలిసిన ముతక పళ్లపొడి ఒక గీటును మాన్పబోయి నూరు గీటులు పెట్టును. నూనె విషయమునను ఇసుమంత నిజమున్నది. గరుకుగాజు గరుకు ప్రక్కన నీటిచుక్క వేసి చూడుడు. ఆచోట గాజు తేటపడును. నూనెయు గీటును నింపి, వెలుగును చెదరనీయక, కొంతసేపు మాయచేయవచ్చును. కాని పాటల సీడీ పెట్టెలో నిమిషమునకు 200 మొదలు 500 చుట్లు తిరుగును. ఆ వడికి నూనె చెదరి యంత్రపు కంటిలో పడును. ప్లేటు రోగము పెట్టెకు అంటుకొనును. మంచుపెట్టె గీటును ఏమియు చేయలేదు. ఇక కరెంటు మైక్రోవేవు పొయ్యిలో పెట్టుమని చెప్పు వైద్యమును ఎవరును ఎన్నడును చేయరాదు. అల్యూమినియపు పూత నిప్పురవ్వలు గ్రక్కి కొన్ని క్షణములలో నాశనమగును. ఇల్లు అంటుకొనినను అంటుకొనవచ్చును.

ఎండ సంగతి మరియు విచిత్రము. లక్కప్లేటుకు ఎండ మందని పైని చెప్పితిమి. కాని ఫోటోస్టూడియోవారు వ్రాసి యిచ్చు సీడీలో అచ్చొత్తిన గుంటలు లేవు. అందొక రంగుపూత యుండును. లేజరు వేడిమి ఆ రంగుపై గుర్తులు పెట్టును. ఆ రంగు ఎండకు చెడిపోవును. తాతకు మందైనది మనుమనికి విషమైనది. అబద్ధములలో ఒక నిజము కలిసినపుడు, వినువాడు ఆ నిజము నెరిగినవాడైనచో తక్కినవియు నిజములే యనుకొనును. పరిహాసమునకు బలమిచ్చునది ఆ ఒక్క నిజమే.

2009లో జరిగిన సంగతి యొకటి చెప్పెదము. అప్పుడు మేము ఉపాధ్యాయులమై కొలదికాలమే యైనది. మా ఎనిమిదవ తరగతిలో లంకనుండి పడవ దాటి వచ్చు బాలిక యొకతె యుండెను. ఆమె తల్లి క్రిందటి సంవత్సరము ఇంటిపనికై కువైటు వెళ్లినది. కోనసీమలో ఇది వింత కాదు. ఎన్ని యిండ్ల పైకప్పులు అక్కడ కష్టపడిన తల్లుల చెమటతో పడినవో మనకందరకును తెలియును. ఆ తల్లి వెళ్లుటకు ముందు 2007 క్రిస్మసు ఆరాధనలో ఒక కీర్తన పాడినది. స్టూడియోవారు ఆ కార్యక్రమమును సీడీగా వ్రాసి యిచ్చిరి. వెళ్లునాటికి చిన్నవానికి రెండేండ్లు నిండలేదు. టెలిఫోను వారమునకొకసారి వచ్చెడిది. అందులో మాటలకంటె ఖర్చును గూర్చిన భయమే ఎక్కువ. కావున ఆ బాలిక ప్రతిరాత్రియు ఆ సీడీ పెట్టి, తమ్ముని తల్లిపాటతో నిద్రపుచ్చెడిది. వానికి తల్లి యనగా ఆ కంఠమే.

ఒకనాడు ఆ సీడీ రెండవ చరణమునొద్ద ఆగిపోవ నారంభించెను. బాలిక దానిని పట్టుకొని, రేవునొద్ద టీ త్రాగుచున్న పెద్దల నడిగెను. వారిలో మంచి మాటకారి యొకా యుండెను. ఆయన నవ్వకుండ నవ్వించువాడు.

“ఏముందమ్మా, అంట్లు తోమినట్టు తోమేయడమే! కచ్చికల బూడిద, కొబ్బరిపీచు ఏసి రెండేపులా గట్టిగా తోము. చింతపండెట్టి కడుగు. డాబా మీద మూడ్రోజులు ఎండబెట్టు. కొత్త పెళ్లికూతురిలా పాడుద్ది” అని ఆయన చెప్పెను.

అందరును పకపక నవ్విరి. బాలిక నవ్వలేదు. “ఆయ్” అని చెప్పి వెళ్లిపోయినది. ఆమె నవ్వలేదని అచటివారెవరును గమనింపలేదు.

నాలుగు దినముల పిమ్మట ఆమె సీడీని గుడ్డలో చుట్టి మాయొద్దకు తెచ్చెను. “మేష్టారండీ, తోమేనండి. కడిగేనండి. ఎండబెట్టేనండి. అయినా పాడటంలేదండి. ఇంకేమైనా ఏయాలాండీ?” అని అడిగెను. మేము దానిని కిటికీ వెలుతురునకు ఎత్తి చూచితిమి. బొమ్మ ప్రక్క వార్నిషు లేచిపోయి, వెండిపూత పెళ్లలుగ రాలియున్నది. ఆ కంతలగుండ వెలుపలి కొబ్బరిచెట్టు మాకు స్పష్టముగ కనబడినది. ఎచట వెలుతురు దాటిపోవుచున్నదో అచట పాట లేదు.

ఈ ప్లేటు ఇక పలుకదని ఆమెకు ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఆమె ఏడువలేదు. “తమ్ముడికేం చెప్పమంటారండీ?” అని మాత్రము అడిగెను. బోధనాశాస్త్రములో మాకు నేర్పిన యే పాఠమునందును ఆ ప్రశ్నకు జవాబు లేదు.

ఆ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, ఆ క్రిస్మసు సీడీ ఎవరియొద్ద నైనను ఉన్నదా యని సంఘములో అడిగించితిమి. స్టూడియోవారు మూలమును ఉంచుకొనలేదు. సీడీ కొన్న కుటుంబములు అయిదు. రెండు ఇండ్లలో పారవేసిరి. ఒక యింట అది పక్షులను బెదరించుటకు జామచెట్టున వ్రేలాడుచుండెను. ఎండయు వానయు దానిని పూర్తిగ తినివేసినవి. అయిదవ యింట మాత్రము టీవీ బల్ల సొరుగునందు, ఒర లేకయే, ఒకటి దొరకినది. దాని నిండ గీటులే. కాని అన్నియు క్రింది ప్రక్కవే. బొమ్మ ప్రక్క చెక్కు చెదరలేదు.

దానికి వైద్యము మా తరగతిలోనే జరిగినది. ముందు చేతులు కడుగుకొంటిమి. పిమ్మట పలుచని సబ్బునీటిలో ప్లేటును కడిగి, ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచెగుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా ఒత్తితిమి. పాఠశాల కంప్యూటరు దానిని సగమువరకే చదివినది. అప్పుడు తెల్లని మెత్తని పళ్లపేస్టును కొంచెము గుడ్డకు రాచి, గీటులున్న చోట్లనే తేలికగ తుడిచి, మరల కడిగితిమి. ఈసారి మరికొంత చదివినది. ఒక యంత్రము చదువలేనిది వేరొక యంత్రము చదువును. చత్వారము వచ్చినవాని ఉత్తరమును పిల్లవాడు చదివినట్లు. కావున దానిని మండపేటలోని కంప్యూటరు అంగళ్లకు పంపవలసివచ్చెను. పంపుట యెవరిచేత? టీకొట్టునొద్ద మందు చెప్పిన ఆ పెద్దమనిషియే వచ్చెను. సంగతి ఆయన చెవిని పడినది. ఎవరును ఆయన నేమియు అనలేదు. ఆయనయు ఏమియు చెప్పుకొనలేదు. ప్లేటును చొక్కాజేబులో పెట్టక, రెండు అట్టల నడుమ నుంచి, చేతితో పట్టుకొని బయలుదేరెను. మూడవ అంగడిలోని యంత్రము పాటను చదివినది. ఆయన తన డబ్బుతో ఆరు ప్రతులు వ్రాయించి, సాయంకాలపు పడవకు లంకకు తీసికొనిపోయి ఇచ్చి వచ్చెను.

పాటంతయు దొరకలేదు. మూడవ చరణమునందు కొన్ని మాటలు పోయినవి. అచట పాట ఒక్క క్షణ మాగి ముందునకు దూకును. దానిని గూర్చి మేము బాలిక నడిగితిమి. “ఫర్వాలేదండి. అక్కడ తమ్ముడే పాడేస్తాడండి” అని ఆమె చెప్పెను. తల్లి కొన్నేండ్లకు తిరిగి వచ్చినది. ఆ ప్రతులలో ఒకటి నేటికిని ఆ యింట నున్నది.

ఈ సంగతి మేము వ్రాయుట ఆ పెద్దమనిషిని నిందించుటకు కాదు. ఆయనవంటి మాటకారులు లేకున్న మన రేవులు మూగవోవును. నవ్వు నాలుగు విధముల చేటను సామెతను మేమంతగ నమ్మము. నవ్వెరుగని తరగతిగదిలో చదువు ఎండిపోవును. కాని పరిహాసమునకు ఇద్దరు కావలెను. చెప్పువాడు పరిహాసమని యెరుగుట చాలదు, వినువాడును ఎరుగవలెను. సుఖముగ నున్నవాని చెవి వేరు, ఆపదలో నున్నవాని చెవి వేరు. మునుగువానికి గడ్డిపోచయు ఆధారమే. వానికి మనము గడ్డిపోచ నిచ్చి నవ్వుకొనినచో, పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము. పొరుగువానిని మోసపుచ్చి, తరువాత నవ్వులాటకు చేసితినను మనుష్యుని, నిప్పుకొరవులు విసరు వెఱ్ఱివానితో పోల్చిన మాట సామెతల గ్రంథము 26వ అధ్యాయమున గలదు. విద్యార్థులు తీసి చదువుకొందురు గాక.

సీడీల కాలము గడచినది. ఇంటివైద్యుల కాలము గడువలేదు. ఇప్పుడు ఫోను నీటిలో పడిన దానిని బియ్యపుడబ్బాలో పాతిపెట్టుచున్నారు. బియ్యపు నూకయు తవుడును ఫోను రంధ్రములలో చేరి మరింత చెరుపు చేయునని, అట్లు చేయవద్దని ఆపిల్ సంస్థవారే 2024లో తెలిపిరి. వరి పండు మన సీమలో ఈ మాటను ఎవరు విందురు? ఫోను పోయిన మరియొకటి కొనవచ్చును. కాని కుక్క కరచినచోట కారము అద్దుమనియు, సున్నము పూయుమనియు చెప్పువారు నేటికిని ఉన్నారు. వారిలో కొందరు నమ్మి చెప్పుదురు, కొందరు నవ్వి చెప్పుదురు. కరవబడిన బాలునికి ఆ భేదము తెలియదు. దానికి తగిన మొదటి వైద్యము గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు బాగుగ కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుట. దీనిని ప్రతి విద్యార్థియు కంఠస్థము చేయవలెను.

కావున విద్యార్థులారా, ఎవరేని మందు చెప్పినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ వస్తువు దేనితో చేయబడినది? ఈ మందు దానిని ఏమి చేయును? చెడినచో మరియొకటి గలదా? మూడవ ప్రశ్నకు లేదని జవాబు వచ్చెనేని, చేయి వెనుకకు తీసికొని, తెలిసినవారి నడుగుడు. పెద్దలకును మా మనవి యొకటి. పిల్లలు మిమ్ము అడుగునపుడు వారి మొగము చూచి జవాబు చెప్పుడు. వారు నవ్వకున్నచో మీరును నవ్వు మాని, తెలిసినది చెప్పుడు; తెలియనిచో తెలియదనుడు.

మరియొక మాట చెప్పి ముగించెదము. మీ యిండ్లలో తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. వారి పాటలు, కథలు, ప్రార్థనలు, మిమ్ము పిలుచు పిలుపులు ఏ ప్లేటునను లేవు. మీ చేతులలో ఫోనులున్నవి. వారి కంఠమును వానిలో నిలుపుకొనుడు. ఒక ప్రతి ఇంటను, ఒక ప్రతి వేరొక చోటను ఉంచుడు. ఆ పని ఈ సెలవులలోనే చేయుడు.